పాతికమందిని వెంటేసుకుని ఉప్పలపాడు వెళ్లేవారికి

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. విజయవాడ పటమటలో పొద్దున్నే కలిసి నడిచే మీరంతా పిల్లాజెల్లాతో ఇరవై ఎనిమిది మంది. డిసెంబరులో ఒక ఆదివారానికి మినీ బస్సు కూడా మాట్లాడేశారు. పక్షుల్ని చూడటానికి ఒక్క రోజులో ఉప్పలపాడు, కొల్లేరు, మూలపాడు మూడూ చుట్టి రావచ్చా, ఎలాంటి బైనాక్యులర్లు కొనాలి, పిల్లలు విసిగిస్తే ఏం చేయాలి అని అడిగారు. కొన్నేళ్ల కిందట అచ్చం ఇదే లెక్క నేనూ వేసుకున్నాను. అందుకే నవ్వొచ్చింది.

ముందు సూటిగా చెప్పేస్తాను. మూడూ వద్దు. ఉప్పలపాడు ఒక్కటే పెట్టుకోండి. అదీ పొద్దున కాదు, సాయంత్రం.

ఎందుకంటే నేను చేసిన నిర్వాకం వినండి. మొదటిసారి నలభై రెండు మందిని బస్సెక్కించి గుంటూరు నుంచి తీసుకెళ్లాను. గుంటూరుకి ఉప్పలపాడు ఏడెనిమిది కిలోమీటర్లే కదా అని ధీమా. ఒకరికి కాఫీ అందలేదని, ఇంకొకరి మనవడు నిద్ర లేవలేదని ఆగుతూ ఆగుతూ చెరువు గట్టు మీదికి చేరేసరికి పది దాటింది. సగంమంది తెల్లచొక్కాలు. ఒకాయన పాటలపెట్టె తెచ్చాడు. నేనేమో మెడలో ఈల వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని, "అదిగో పెయింటెడ్ స్టార్క్! అదిగో పెలికాన్!" అని కబడ్డీ కోచ్‌లా కేకలు. జనానికి కనిపించింది మాత్రం దూరాన తుమ్మచెట్ల మీద తెల్లబట్టలు ఆరేసినట్టు ఏవో ఆకారాలు, ఎండ, కంపు. అరగంటకే అందరి మనసూ పులిహోర మీదికి పోయింది. దిగి వెళ్లేటప్పుడు ఒకావిడ, "జూలో అయితే దగ్గరగా కనపడేవి కదండీ" అంది. ఆవిడ తప్పేం లేదు.

అప్పుడు గట్టు కింద గేదెల్ని తోలుకెళ్తున్న ఒక పెద్దామె ఆగి, "ఇప్పుడొస్తే ఏముంటయ్ అయ్యా, అన్నీ పొలాల మీదికి పోయినయ్. పొద్దుగూకే ఏళకి రండి, చింతవక్కలు లేస్తయ్" అంది. చింతవక్క అంటే ఏమిటో నాకు తెలియలేదు. పుస్తకంలో నైట్ హెరాన్ అని చదివాను, బొమ్మ చూశాను, అంతే. మరుసటి వారం నలుగురం మాత్రం సాయంత్రం వెళ్లి కూర్చున్నాం. నాకు తెలిసిందంతా ఆ రోజు నుంచి మొదలైందే.

ఉప్పలపాడు సంగతి కాస్త అర్థమైతే మిగతా ఏర్పాట్లన్నీ వాటంతటవే తేలతాయి. అది పెదకాకాని మండలంలో ఊరి పక్కనే ఉన్న చెరువు. అడవీ కాదు, సరస్సూ కాదు. నీళ్ల మధ్య దిబ్బలు, వాటి మీద సర్కారు తుమ్మ. మనం పిచ్చికంప అని తిట్టుకునే ఆ ముళ్ల చెట్టే అక్కడ పక్షులకు కోట. చుట్టూ నీళ్లుండటం వల్ల కుక్కలు, పిల్లులు ఎక్కలేవు. కొమ్మల్లో ముళ్లు. చుట్టుపక్కల మాగాణి, కాలువలు, చేపల చెరువులు. అంటే అవి కాపురం ఒకచోట, మేత ఇంకోచోట పెట్టుకున్నాయి. చెరువులో చేపలు చూసి వచ్చినవి కావు, కాపలా చూసి వచ్చినవి. ఎండాకాలంలో నీరు తగ్గి దిబ్బ గట్టుకు కలిసిందంటే ఆ కోటకు గోడ కూలినట్టే. అందుకని ఆ చెరువులో నీళ్లుంచడమే పక్షులకు చేసే అసలు సేవ. మిగతా బోర్డులూ బెంచీలూ మన కోసం.

మేత ఇంకోచోట కనుక పగలు పెద్దవన్నీ బయటికి పోతాయి. గూళ్లలో పిల్లలున్న కాలంలో ఒకటి కాపలా ఉంటుంది, రెండోది తిరుగుతుంటుంది. సాయంత్రం అందరూ ఇంటికి చేరతారు. ఆ ఇంటికి చేరడాన్నే మీరు చూడాలి.

డిసెంబరులో మనకి పొద్దు ఐదున్నర దాటాక, ఐదూ నలభై ప్రాంతంలో గుంకుతుంది. నాలుగింటికల్లా గట్టు మీద కూర్చుని ఉండాలి. విజయవాడ నుంచి ఆదివారం మంగళగిరి దగ్గర రద్దీ కలుపుకుని రెండున్నరకే బస్సు కదలాలి. పొద్దునే వెళ్తామని మీలో కొందరు పట్టుబడతారు, నాకు తెలుసు. పక్షులంటే వేకువజామే అని అందరికీ ఒక నమ్మకం. అడవి పక్షులకైతే అది నిజమే. ఇక్కడ డిసెంబరు, జనవరి పొద్దుటి పూట మంచు ఎనిమిదింటి దాకా కమ్ముకుని ఉంటుంది, జాతీయ రహదారి మీద లైట్లు వేసుకుని వెళ్లాలి. ఆ మంచులో బస్సు నడపడం ఒక ప్రమాదం, అంత కష్టపడి వెళ్లినా తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు.

గట్టు మీద పడమటి వైపు చోటు చూసుకోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, వెలుతురు పక్షి మీద పడుతుంది. ఎదురెండలో కూర్చుంటే గులాబీ రంగు ఈకలున్న ఎర్రకాళ్ల కొంగ, అదే పెయింటెడ్ స్టార్క్, కూడా నల్ల బొమ్మే.

మొదటి అరగంటలో ఏమీ జరగనట్టే ఉంటుంది. అప్పుడే ఒక్కో పక్షినీ తీరిగ్గా చూడాలి. గూడబాతు, అంటే పెలికాన్, చెట్టు మీద కూర్చుంటే నమ్మబుద్ధి కాదు. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు, ముక్కు కింద జోలె, అంత శరీరం ఆ సన్నటి కొమ్మ మీద. దాని పైముక్కు అంచున వరసగా మచ్చలుంటాయి, బైనాక్యులర్లో స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లకి మేత పెట్టేటప్పుడు పిల్ల తల మొత్తం ఆ జోలెలోకి దూరుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు "అయ్యో మింగేస్తోంది" అని అరుస్తారు. పక్కన నత్తగుల్ల కొంగలు, ఓపెన్‌బిల్ అంటారే అవి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తని పట్టడానికి పనికొచ్చే సందు అది. పిల్లకొంగకి ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఎర్రకాళ్ల కొంగ వేట ఇంకో రకం. చెరువు అంచున దిగితే గమనించండి. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. కంటితో కాదు, తాకిడితో వేట. అందుకే బురదనీళ్లలో కూడా దానికి లోటు లేదు. పెద్దయిన ఎర్రకాళ్ల కొంగ దాదాపు మూగది, ముక్కు టకటకలాడించడమే దాని మాట. మీకు వినపడే గోలంతా పిల్లలది.

నీటికాకులు రెక్కలు చాచుకుని ఆరబెట్టుకుంటుంటాయి. తెల్ల కంకణాలు అనే పక్షులకి (ఐబిస్ అంటారే అవి) నల్లటి వంపు ముక్కు, నల్లటి బోడిమెడ, మిగతా ఒళ్లంతా తెలుపు. బొల్లికోళ్లు నీళ్ల మీద నల్లగా, నుదుటి మీద విభూతి పెట్టుకున్నట్టు తెల్లగా.

ఐదు దాటాక ఆట మొదలవుతుంది. కంకణాలు ఆకాశంలో గీత గీసినట్టు వరసల్లో వస్తాయి. ఎర్రకాళ్ల కొంగలు రెక్క కదపకుండా జారుతూ వచ్చి, దిగే ముందు కాళ్లు వేలాడేసి, కొమ్మ దొరక్క మళ్లీ లేచి, పక్కింటివాళ్లతో ముక్కులు పెట్టుకుని తగువాడి అప్పుడు కూర్చుంటాయి. చలికాలం కనుక గులాబీ గోరువంకలు వస్తాయి. మధ్య ఆసియా నుంచి మన దేశానికి చలికాలం గడపడానికి వచ్చేవి. అవి చెరువు మీద గుంపుగా తిరుగుతూ ఒక్కసారి ముద్దగా, ఒక్కసారి చీరలా పరుచుకున్నట్టు మారే దృశ్యాన్ని నేను మాటల్లో పెట్టను. రెక్కల చప్పుడు మాత్రం వినమని అందరికీ చెప్పండి. గుంపు తల మీదుగా పోయినప్పుడు చింతచెట్టు మీద ఒక్కసారి వాన పడ్డట్టుంటుంది.

ఇక అందరూ లేచి బట్టలు దులుపుకుంటుంటే ఆపండి. ఇంకో పావుగంట. అందరూ ఇంటికొచ్చాక చింతవక్కలు పనికి బయల్దేరతాయి. స్పిన్నింగు మిల్లులో షిఫ్టు మారినట్టు. పగలంతా ఆకుల మధ్య మెడ ముడుచుకుని కూర్చున్న పొట్టి బూడిదరంగు కొంగలు ఒకటొకటిగా లేచి "వక్... వక్" అంటూ పొలాల వైపు పోతాయి. నాకు ఆ పెద్దామె చెప్పింది ఇదే.

పేర్ల గురించి ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. మీ బృందంలో ఇంగ్లీషు పేర్లు బాగా తెలిసినవాళ్లుంటారు. తెలుగు పేర్లు తెలిసిన పెద్దవాళ్లూ ఉంటారు, కాకపోతే వాళ్లకి తెలుసన్న సంగతి వాళ్లకే తెలియదు. గుడ్డికొంగ, నారాయణ పక్షి, తీతువు, లకుముకి, మునుగుడుకోడి, పాలపిట్ట, గిజిగాడు, ఇవన్నీ ఎవరో ఒకరి నోట్లోంచి వస్తాయి. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ దొర 19వ శతాబ్దంలో భారతదేశ పక్షుల మీద రాసిన సంపుటాల్లో తెలుగు పేర్లూ రాసుకున్నాడు. ఇక్కడి వాళ్లని అడిగాడు కాబట్టి తెలిసింది. ఆయన పేరు మీదే ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అని పిలిచే కలివికోడి 1900 తర్వాత ఎవరి కంటా పడక అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే పిట్టల వేటగాడు. రాత్రిళ్లు తిరిగే పిట్ట అది. అందుకని ఉప్పలపాడులో గట్టు మీద తిరిగే ఊరివాళ్లతో పలకరింపుగా రెండు మాటలు మాట్లాడండి. వాళ్లు ఆ చెరువుని రోజూ చూసేవాళ్లు.

అన్నట్టు పిల్లలకి ఒక పోటీ ప్రశ్న: మన రాష్ట్ర పక్షి ఏది? పాలపిట్ట అని అందరూ ఠక్కున చెబుతారు. 2018 నుంచి రామచిలుక. పాలపిట్ట తెలంగాణది.

ఇక మీ బైనాక్యులర్ల ప్రశ్న. ఇప్పుడే కొనకండి. ఇరవై ఎనిమిది మందికి నాలుగు చాలు, ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి. వాటి మీద 8×42 అనో 10×50 అనో రాసి ఉంటుంది. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. ఎక్కువ రెట్లయితే గొప్పదనుకుని పదహారు, ఇరవై రెట్లవి కొంటారు. చెయ్యి ఏ కాస్త వణికినా అన్ని రెట్లూ వణుకుతుంది, పక్షి దొరకదు. కొత్తవాళ్లకి ఎనిమిదే హాయి. సాయంత్రం వెలుతురు తగ్గేవేళ అద్దం వెడల్పుగా ఉంటే మంచిది కనుక 42. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గర రబ్బరు తొడుగు కిందికి మడిచేయాలి, లేకపోతే సగం బొమ్మే కనపడుతుంది. ముందురోజు మీ అపార్టుమెంటు డాబా ఎక్కి, ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు మీద అక్షరాలు చదివి అలవాటు చేసుకోండి. కిటుకు ఒకటే. కన్ను పక్షి మీద నుంచి తీయకూడదు, బైనాక్యులరే కంటి దగ్గరికి రావాలి. చాలామంది తల దించి బైనాక్యులర్ చూసుకుని, ఎత్తి ఆకాశమంతా వెతుకుతారు.

ఇంకా కుదిరితే వెళ్లే వారానికి ముందు ఒక పొద్దున నలుగురైదుగురు ప్రకాశం బ్యారేజి దిగువన ఘాట్ల వైపు వెళ్లి గంటసేపు కూర్చోండి. నీళ్లు వదిలే గేట్ల కింద చేపలకి కొంగలు, నీటికాకులు కాపు కాస్తాయి. నల్లతెలుపు లకుముకి గాల్లో ఒక్కచోటే రెక్కలు కొట్టుకుంటూ నిలబడి దభీమని నీళ్లలో పడుతుంది. ఆ నలుగురే తర్వాత మీకు పెద్దదిక్కు. ఇరవై ఎనిమిది మందిని ఏడుగురేసి నాలుగు జట్లు చేసి, జట్టుకొకరిని అప్పజెప్పి, గట్టు మీద కాస్త దూరం దూరంగా కూర్చోబెట్టండి. అందరూ ఒక్కచోట మూగితే అది జాతర అవుతుంది. చెయ్యెత్తి వేలు చూపించడం మానిపించండి, పక్షికి ఆ కదలికే బెదురు. గడియారం లెక్క చెప్పుకోండి. "పెద్ద తుమ్మచెట్టు, మూడు గంటల వైపు కొమ్మ" అంటే అందరి కళ్లూ అక్కడికే పోతాయి. తెల్లబట్టలు, జిగేల్మనే ఎరుపు వద్దు. మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిద మేలు. టోపీ తప్పనిసరి, ఎండకి ఒక్కటే కాదు, పైనుంచి పడే ప్రసాదానికి కూడా.

పిల్లలు విసిగిస్తారన్నారు. పిల్లలు విసిగేది పక్షుల వల్ల కాదు, "అల్లరి చేయకు" అనే మాట వల్ల. ఒక్కొక్కరికి ఒక్కో పని ఇవ్వండి. ఒకడు నీటికాకి మునిగితే ఎన్ని అంకెలు లెక్కపెట్టేలోగా తేలుతుందో చూడాలి. ఒకమ్మాయి సందు లేని ముక్కున్న నత్తగుల్ల కొంగని, అంటే పిల్లకొంగని, వెతకాలి. ఒకడు గూటికి పుల్ల తెచ్చేవాటిని లెక్కపెట్టాలి, పక్కగూటి నుంచి పుల్ల దొంగిలించేవాటిని విడిగా. ఈ దొంగతనం లెక్క మా మనవరాలు రెండు గంటలు కదలకుండా రాసింది. ఆ పిల్ల ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోదు.

పెద్దవాళ్లకి మడతకుర్చీలు పట్టుకెళ్లండి. నిలబడి రెండు గంటలంటే మోకాళ్లు ముందు చూస్తాయి, పక్షులు తర్వాత.

తినేవి బస్సులోనే, వెళ్లే ముందో వచ్చాకో. గట్టు మీద చిప్స్ పొట్లాం చప్పుడు కొంగకి ఎంత వినపడుతుందో గాని పక్కవాడికి మాత్రం ఈల కంటే ఎక్కువ. మంచినీళ్లు చాలు. ప్లాస్టిక్ ఒక్కటి కూడా వదలొద్దు. గూళ్లలోకి నైలాను దారాలు, సంచులు చేరి పిల్లపక్షుల కాళ్లకి చుట్టుకుంటాయి.

కొన్ని విషయాల్లో మాత్రం మొహమాటపడొద్దు. డ్రోన్ ఎగరేస్తామని ఎవరైనా అంటే బస్సు ఎక్కనివ్వకండి. గద్ద వచ్చిందనుకుని తల్లిపక్షులన్నీ ఒక్కసారి లేస్తే గూళ్లలో గుడ్లు దొర్లిపడతాయి, కాకులు కాచుకునే ఉంటాయి. ఫోన్లో పక్షి కూతలు వినిపించి పిలవడం, ఫ్లాష్ కొట్టడం, ఎగిరే ఫొటో కోసం రాయి విసరడం, చప్పట్లు కొట్టడం, ఇవేవీ వద్దు. రాయి విసిరింది చదువుకున్నవాడే, నా కళ్లతో చూశాను. గూటి నుంచి పడిన పిల్ల కనబడితే జాలిపడి ఎత్తుకోకుండా అక్కడి కాపలా సిబ్బందికి చెప్పండి. చచ్చిన పక్షిని పిల్లలు అసలు తాకకూడదు, పక్షుల జబ్బులు కొన్ని మనకీ రావచ్చు.

లెక్క రాయాలనుకుంటే ఈబర్డ్ అనే ఉచిత యాప్ ఉంది. ఎక్కడ, ఎంతసేపు, ఏవి ఎన్ని అని రాసి పెడితే అది అందరికీ పనికొస్తుంది. గుంపుని లెక్కపెట్టే పద్ధతి: మొదట పదింటిని ఒకటొకటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటితో కొలత తీసుకుని, గుంపంతటి మీదా ఆ కొలత పరవడం. కళ్లాల దగ్గర బస్తాలు అంచనా వేసినట్టే. ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకోండి. గోరువంకల గుంపుకి మాత్రం ఎవరి అంకె చూసి ఎవరూ నవ్వుకోవద్దు.

ఎన్ని రకాలు చూశాం అనే పోటీలోకి మాత్రం దిగకండి, ఆ రోజుకి. పన్నెండు రకాలు బాగా చూసిన బృందం మళ్లీ వస్తుంది. యాభై రకాల పేర్లు విన్న బృందం రాదు. నా నలభై రెండు మందిలో ఆ తర్వాత ఎప్పుడైనా మళ్లీ వచ్చింది ఆరుగురు.

మూలపాడు కొండపల్లి అడవి పక్కన. అక్కడ చూపు కంటే చెవికి పని ఎక్కువ. ఆకుల్లో దాగిన చిన్నపిట్టల కోసం తెల్లవారుజామునే, ఆరుగురికి మించకుండా వెళ్లాలి. ఇరవై ఎనిమిది మంది ఎండుటాకుల మీద నడిస్తే పిట్ట కాదు, పాము కూడా ఉండదు.

కొల్లేరు వేరే రోజు, పూర్తి రోజు. గుడివాడ మీదుగా కైకలూరు, పక్కనే ఆటపాక. అక్కడ చెట్లు చాలక గూడబాతుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు, వాటి మీద గూళ్లు కట్టుకుంటున్నాయి. 1940ల్లో నీలకంఠన్ అనే మలయాళీ పక్షిప్రేమికుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల కాలనీ చూసి రాసినప్పుడు అవి చెట్ల మీదే ఉన్నాయి. 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి, ఎక్కింది, 2006లో లోపలి చేపల చెరువులు కొట్టేశారు. ఆ తర్వాత కథ మీకు దారి పొడవునా కనబడుతుంది, టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా గంటసేపు చెబుతారు, ఇద్దరి మాట ఒకలా ఉండదు. దానికి టైము మిగుల్చుకుని వెళ్లండి.

చివరగా మీ బస్సు డ్రైవరు. ఊళ్లోకి రాగానే హారన్ కొట్టొద్దని, బండి గట్టుకు దూరంగా ఆపి ఇంజను కట్టేయమని ముందే చెప్పండి. ఆ తర్వాత ఆయన్ని బస్సులో వదిలేయకుండా గట్టు మీదికి రమ్మనండి. మా రెండో ప్రయాణంలో ఆకుల మధ్య నిద్రపోతున్న మొదటి చింతవక్కని పట్టుకుంది మా డ్రైవరే, బైనాక్యులర్ లేకుండా.